పెట్టె కదిలింది, తీగలు కదల్లేదు

పోయినేడు మా అపార్టుమెంటు సెల్లార్లోంచి ఒక బైకు మాయమైంది. పదహారు కెమెరాలున్నాయి కదా అని డీవీఆర్ తెరిస్తే, సరిగ్గా ఆ రాత్రి రెండు గంటల రికార్డింగు లేదు. ప్లగ్గు ఊడిందో, ఇంకేమయిందో. ఆ డీవీఆర్ ఉండేది వాచ్‌మన్ గదిలో. ఇంకేముంది, "పెట్టె నీ దగ్గరేగా" అన్నారు జనం. ఆయన నన్ను ఒక్కటే అడిగాడు: "సారూ, ముందా పెట్టె మా గదిలోంచి తీసెయ్యండి."

కెమెరాలు పెట్టినాయన్ని పిలిస్తే, కేబుళ్ళన్నీ సెల్లార్లోనే ఆగాయి, మొదటి అంతస్తు ఆఫీసుకి మార్చాలంటే మొత్తం కొత్తగా లాగాలి, గోడలు కొట్టాలి అన్నాడు. మీటింగులో ఆ విషయం "తర్వాత చూద్దాం" అయిపోయింది. మన బగ్గులు వచ్చే రిలీజుకి వెళ్ళినట్టు. ఈసీఈ చదివి జావా రాసుకునే నాకు రోషమొచ్చి పాత చరిత్ర తవ్వాను.

1942లో జర్మనీలోని పీనెముండేలో వీ-2 రాకెట్ల ప్రయోగాన్ని దూరం నుంచి చూడ్డానికి క్లోజ్డ్ సర్క్యూట్ టీవీ వాడారు. చూడ్డమే, దాచుకోవడం లేదు. 1956లో యాంపెక్స్ వాళ్ళు పనికొచ్చే వీడియో టేపు రికార్డరు తెచ్చారు. తర్వాత టైమ్‌లాప్స్ వీసీఆర్లొచ్చి, కొద్ది గంటల టేపుని రోజంతటికీ సాగదీశాయి. అప్పటిదాకా కెమెరా ఒక కన్ను. రికార్డింగు వచ్చాక అది సాక్షి. సాక్షి అన్నాక ఎవరింట్లో ఉంటాడన్నది ముఖ్యం. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా చేరే చోట్ల కెమెరాలు పెట్టమంది, రికార్డింగు 30 రోజులు దాచమంది. ఆ ఊపులోనే మావాళ్ళూ పెట్టించారు. పెట్టె ఎక్కడుండాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఇక తీగల సంగతి. మా కెమెరాలవి కోయాక్సియల్ కేబుళ్ళు. మధ్యలో రాగి తీగ, చుట్టూ జల్లెడలాంటి కవచం. దీనికి ఆలివర్ హెవిసైడ్ 1880లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటేడు, 1881లో, గ్రాహం బెల్ మెలిపెట్టిన జంట తీగకి పేటెంటు తీసుకున్నాడు. బయటి గోల రెండు తీగల మీదా సమానంగా పడుతుంది, అవతల రెంటి తేడా తీసుకుంటే గోల పోయి మాట మిగులుతుంది. ఎంత తేలికో చూడండి! ఈ ఇద్దరి తీగల్నీ కలపడానికి బేలన్ అని వేలెడంత ముక్క ఉంది. 75 ఓముల కోయాక్సియల్‌ని 100 ఓముల జంట తీగకి అది జతచేస్తుంది.

మన లాన్ కేబుల్లో ఉండేవి ఆ బెల్ జంటలే, ఒక్కోదాంట్లో నాలుగు. అంటే పదహారు కెమెరాలకి నాలుగు కేబుళ్ళు చాలు! పాత కేబుళ్ళు ఆగిన చోటే ఆగాయి. కెమెరాల పవర్ సప్లై సెల్లార్లోనే, తాళం వేసిన పెట్టెలో ఉంచాం. రెండు చివర్లా బేలన్లు పెట్టి, వీడియో ఒక్కటీ లిఫ్టు పక్క డక్టులోంచి పైకి తెచ్చాం. గోడకి ఒక్క దెబ్బ పడలేదు, ఆదివారం పూట పని. మొదట రెండు కెమెరాల్లో బొమ్మ మీద చారలు పాకాయి. ఆ కేబుళ్ళు లిఫ్టు పవర్ లైనుని ఆనుకుని ఉన్నాయి, దూరం జరిపితే పోయాయి.

ఐపీ కెమెరాలైతే ఈ తంటా ఉండేది కాదు. తీగలోనే కరెంటిచ్చే ప్రమాణం 2003లోనే వచ్చింది, నెట్‌వర్కులో రికార్డరు ఎక్కడున్నా ఒకటే. కానీ ఉన్నది పారేసి కొత్తది కొనడం ఇంజినీరింగు కాదని నా అభిప్రాయం.

బైకు దొరకలేదు. వాచ్‌మన్‌కి ఎవరూ సారీ చెప్పలేదు, నాతో సహా. డీవీఆర్ ఉండే మూల ఇప్పుడు వాళ్ళ బియ్యం డబ్బా ఉంది.