పట్టా లేని అధ్యక్షురాలు

"పెద్దమ్మా! మనసు సంగతి తెలుసుకోవడానికి ఇంత తతంగమా?" అంటూ మా చెల్లెలి కూతురు నా ముందు ఓ కాగితాల కట్ట పడేసింది. ఎం.ఎ. సైకాలజీ పూర్తిచేసింది. అమెరికాలో పై చదువు చదివి, అక్కడే సైకాలజిస్టుగా స్థిరపడాలని దాని కోరిక.

కాగితాలు తిరగేశాను. పిల్ల విసుక్కోవడంలో తప్పేమీ కనిపించలేదు. అక్కడ లైసెన్సు ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు బోర్డు. చాలా రాష్ట్రాల్లో ముందు డాక్టరేటు ఉండాలి. అదే ఐదారేళ్ల మాట. ఆ పైన లైసెన్సున్న పెద్దల కనుసన్నల్లో ఏడాదో రెండేళ్లో పనిచేసి, గంటల లెక్క చూపించాలి. తరువాత 1965 నుంచి రాష్ట్రాలన్నింటికీ ఉమ్మడిగా నడుస్తున్న పరీక్ష ఒకటి. కొన్నిచోట్ల ఆ రాష్ట్రపు చట్టం మీద మరొకటి!

ఈ తతంగం ఎప్పుడు మొదలైందా అని నాకు కుతూహలం పుట్టింది. పుస్తకాలు ముందేసుకు కూర్చున్నాను.

అమెరికాలో సైకాలజిస్టుల కోసం మొదట చట్టం చేసిన రాష్ట్రం కనెక్టికట్, 1945లో. అంతకుముందు ఎవరు గుమ్మానికి బోర్డు తగిలించుకున్నా ఆపే చట్టం లేదు. ఒక్కొక్క రాష్ట్రమే దారికి వచ్చి, చివరికి 1977లో మిస్సోరి కూడా చేరేసరికి ముప్ఫై రెండేళ్లు పట్టింది. మన దేశంలోనైతే క్లినికల్ సైకాలజిస్టుల పేర్లు రిజిస్టరులో నమోదు కావాలన్న నియమం 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టంతో వచ్చింది.

నన్నడిగితే ఈ కట్టుబాటు మంచిదే. వంటమనిషిని పెట్టుకోవాలంటే నాలుగిళ్లలో వాకబు చేస్తాం. తల్లికి కూడా చెప్పుకోలేని బాధ విప్పి చెప్పేటప్పుడు ఎదుటి మనిషి ఎవరో, ఏం చదివారో తెలుసుకోవద్దూ? ఆ కాగితం డాక్టరు గొప్ప కోసం కాదు, బాధతో వచ్చిన మనిషి రక్షణ కోసం.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ పుస్తకాల్లోనే ఒకావిడ పేరు తగిలి, నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఆవిడ మేరీ విటన్ కాల్కిన్స్.

1863లో పుట్టిన ఈవిడ వెల్స్‌లీ అనే ఆడపిల్లల కాలేజీలో గ్రీకు పాఠాలు చెప్పేది. కాలేజీవారు సైకాలజీ చెప్పమన్నారు, ముందు అది చదువుకు రమ్మన్నారు. చదువుదామంటే హార్వర్డు వారు ఆడవాళ్లను చేర్చుకోరు. పాపం, తండ్రి విన్నపం రాశాడు. కాలేజీ అధ్యక్షురాలు ఉత్తరం రాసింది. చివరికి 1890లో, విద్యార్థినిగా కాదు సుమండీ, అతిథిగా కూర్చోనిచ్చారు! విలియం జేమ్స్ అంతటి పండితుడి దగ్గర చదివింది. మరుసటి ఏడాదే తన కాలేజీలో ప్రయోగశాల పెట్టింది. 1895లో డాక్టరేటుకు కావలసిన పనంతా పూర్తిచేసి పరీక్షకు నిలబడింది. పరీక్షించిన ఆచార్యులు ముక్తకంఠంతో మెచ్చుకున్నారు. హార్వర్డు మాత్రం పట్టా ఇవ్వనంది. కారణం? ఆడది కావడమే.

1902లో హార్వర్డుకు అనుబంధమైన ఆడవాళ్ల కాలేజీ ర్యాడ్‌క్లిఫ్ పేరు మీద పట్టా ఇస్తామన్నారు. నేనైతే పుచ్చుకునేదాన్నేమో! ఆవిడ వద్దంది. తాను చదివింది హార్వర్డులో, ర్యాడ్‌క్లిఫ్‌లో కాదు కదా! మూడేళ్లకే, 1905లో, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలైంది. 1927లో హార్వర్డులో చదివిన పెద్దలే కొందరు, ఇప్పటికైనా ఆవిడ పట్టా ఆవిడకివ్వండని అడిగారు. అప్పుడూ ఇవ్వలేదు. 1930లో ఆవిడ కన్నుమూసింది.

ఈ కథంతా చెబితే మా పిల్ల కళ్లు పెద్దవి చేసుకుంది. "అయితే పెద్దమ్మా, ఆ తరువాత వచ్చిన నియమాల లెక్కన ఆవిడ లైసెన్సుకు పనికిరాదన్నమాట! సంఘానికి అధ్యక్షురాలై ఉండి కూడా!"

నిజమే. డాక్టరేటేదమ్మా అని మొదటి మెట్టు మీదే ఆపేసేవారు. అందుకని కాగితమే వద్దంటానా? అనను. ఎంత చదివావని అడగడం న్యాయం. చదువుకునే గుమ్మంలోనే అడ్డుపడి, ఆ తరువాత కాగితం ఏదని అడగడం మాత్రం ఏం న్యాయం?

పిల్ల మారు మాట్లాడకుండా కాగితాలు సర్దుకుని, బల్ల దగ్గర కూర్చుని దరఖాస్తు నింపడం మొదలుపెట్టింది. కాసేపటికి తలెత్తి నవ్వింది.

"ఇందులో నాన్న చేత విన్నపం రాయించాలని ఎక్కడా లేదు పెద్దమ్మా!"