జుట్టు రాలుతోందా? నీళ్ల కన్నా ముందు తల చూసుకోండి

గల్ఫ్‌కు వచ్చిన రెండు మూడు నెలలకే జుట్టు ఊడుతోందంటే అందరూ నీళ్లనే తిడతారు. కానీ రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. పెద్ద జ్వరం, దిగులు, సరైన తిండి లేకపోవడం వల్ల కూడా రెండు మూడు నెలల తర్వాత తలంతా పలచబడుతుంది. కారణం పోతే చాలావరకు మళ్లీ వస్తుంది.

హెల్మెట్ కింద చెమట, దురద, జిడ్డు పొట్టు ఉంటే చుండ్రు. ఊరి నుంచి తెచ్చిన నూనె అప్పుడు పెట్టొద్దు, ఆ ఫంగస్‌కు నూనే తిండి. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు పెట్టి, 3 నుంచి 5 నిమిషాలు ఉంచి కడగండి. నాలుగు వారాల్లో తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి.

నున్నగా, గుండ్రంగా ఊడితే పేనుకొరుకుడు. పేరే గానీ పేనుకు సంబంధం లేదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేస్తుంది.

ఆలస్యం చేయకూడనిది ఒకటే: పొలుసులు, వాపు, చీముతో ఊడితే తామర కావచ్చు. మచ్చ పడితే అక్కడ జుట్టు మళ్లీ మొలవదు. దానికి పైపూత చాలదు, డాక్టర్ రాసిన మాత్రలు మింగాలి. రూమ్‌మేట్ ఇచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే ఇంకా ముదురుతుంది. క్యాంపులో దువ్వెన, తువ్వాలు, టోపీ ఎవరివి వాళ్లే వాడుకోండి.