బూసాన్ సాస్, ప్రపంచ విపణి: కొరియా ఫ్రైడ్ చికెన్ విస్తరణ చరిత్ర

దక్షిణ కొరియాలోని రేవుపట్టణమైన బూసాన్‌లో 2002లో మొదలై, నాలుగేళ్లకే అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో శాఖ తెరిచిన బోన్‌చోన్ సంస్థ ఎదుగుదలను దాని స్థాపకుడు సో జిన్‌డొక్ వ్యాపార దక్షతకు ఆపాదించడం పరిపాటి. ఆ దక్షత కాదనలేనిదే అయినా, ఆ సంస్థ సముద్రాలు దాటించిన వంటకం వెనుక అర్ధశతాబ్దపు ఆర్థిక చరిత్ర ఉంది. దాన్ని పక్కన పెడితే ఈ విస్తరణ అర్థం కాదు.

కొరియా సంప్రదాయ వంటలో కోడిని నూనెలో వేయించడం అరుదు, నీళ్లలో ఉడికించడమే వాడుక. లేతకోడి కడుపులో బియ్యం, వెల్లుల్లి, జిన్‌సెంగ్ అనే ఔషధపు వేరు కూరి ఉడికించే సమ్‌గ్యేతాంగ్‌ను మండు వేసవి రోజుల్లో బలం కోసం నేటికీ తింటారు. 1950–53 కొరియా యుద్ధకాలంలో వచ్చిన అమెరికా సైనికుల వల్ల పిండి పట్టించి వేయించిన కోడి పరిచయమైనా, వంటనూనె ఖరీదైన సరుకుగా ఉన్నంతకాలం అది సామాన్యుల ఇంటికి చేరలేదు. 1971లో దేశీయంగా సోయా నూనె భారీ ఎత్తున తయారై మార్కెట్‌కు రావడం, అదే దశాబ్దంలో మాంసం కోసమే కోళ్లను పెంచే ఫారాలు విస్తరించడం ఈ అడ్డును తొలగించాయి. 1977లో సియోల్‌లోని షిన్‌సెగే డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో, కోడిని ముక్కలుగా కోసి వేయించి అమ్మే లిమ్స్ చికెన్ మొదలైంది. కొరియా ఫ్రైడ్ చికెన్ గొలుసు దుకాణాలకు ఇదే ఆద్యమని చరిత్రకారులు చెబుతారు.

అయితే ఈ వంటకానికి కొరియా ముద్ర వేసింది సాస్. 1980 ప్రాంతంలో దేగు నగరంలో యున్ జోంగ్‌గ్యే, వేయించిన ముక్కల పెచ్చు చల్లారాక గట్టిపడి తినేవారి నోటికి గుచ్చుకుంటోందని గమనించి, కారం, వెల్లుల్లి, తీపి పాకం కలిపిన ఎర్రని ముద్దను వాటికి పట్టించాడు. యాంగ్‌న్యమ్ చికెన్‌గా ప్రసిద్ధమైన ఈ రకమే 1984లో సియోల్‌లో అడుగుపెట్టిన అమెరికా సంస్థ కేఎఫ్‌సీకి దీటుగా నిలబడింది. 1991లో గుమి పట్టణంలో పుట్టిన క్యోచోన్ సోయా, వెల్లుల్లి రుచిని ప్రచారంలోకి తెచ్చింది. 1995లో బీబీక్యూ సంస్థ వెలసింది.

ఇక్కడ ఒక విషాదాన్ని గుర్తించక తప్పదు. 1997 చివర ఆసియా ఆర్థిక సంక్షోభంలో కొరియా అంతర్జాతీయ ద్రవ్యనిధిని ఆశ్రయించినప్పుడు, ఉద్యోగాలు పోగొట్టుకున్న నడివయసు వారు ఎందరో చేతికందిన పరిహారంతో చికెన్ దుకాణాలు పెట్టుకున్నారు. పేరు, వంట పద్ధతి, సరుకు ఒకరివై, పెట్టుబడి, చాకిరీ మరొకరివయ్యే ఫ్రాంచైజీ విధానం వంట రానివారికి సైతం దారి చూపింది. 2019 నాటికి దేశంలో సుమారు 87,000 చికెన్ దుకాణాలు ఉన్నాయని కేబీ ఆర్థిక సంస్థ అధ్యయనం లెక్కగట్టింది. ప్రపంచం మెచ్చుకుంటున్న ఆ నాణ్యత ఇంతటి పోటీలో, ఎందరో దుకాణదారుల నష్టాల మీద పదునెక్కింది. ఈ దుకాణదారుల శ్రమకు విజయగాథల్లో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

దేశంలో మార్కెట్ నిండిపోయాక సంస్థలు బయటికి చూశాయి. బీబీక్యూ 2003లో చైనాకు, క్యోచోన్ 2007లో లాస్ ఏంజెలెస్‌కు వెళ్లాయి. వీటిలో బోన్‌చోన్ పద్ధతి ప్రత్యేకంగా పరిశీలించదగినది. పలుచని పిండిపూతతో ముక్కలను ఒకసారి వేయించి, తీసి ఆరనిచ్చి, మళ్లీ వేయించడం వల్ల తేమ, కొవ్వు బయటికి పోయి, సాస్ పూసినా కరకరలాడే పెచ్చు ఏర్పడుతుంది. ఆ సాస్‌ను ముక్క ముక్కకూ కుంచెతో పూస్తారు. కోడి ఏ దేశానిదైనా కావచ్చు, వండేవారు ఎవరైనా కావచ్చు, సాస్ మాత్రం బూసాన్‌లోని కేంద్ర వంటశాలలో తయారై ఓడల్లో వెళుతుంది. రుచిపై అదుపును, ఆదాయాన్ని ఒకే సరుకులో నిలిపిన ఈ ఏర్పాటే సంస్థను అమెరికా నుంచి ఫిలిప్పీన్స్‌కు, థాయ్‌లాండ్‌కు నడిపించింది. అక్కడ స్థానిక సంస్థలు తమ దేశమంతటికీ హక్కులు పొంది దుకాణాలు నడిపాయి. వ్యాపార పరిభాషలో దీన్ని మాస్టర్ ఫ్రాంచైజీ అంటారు.

టెలివిజన్ కూడా తోడైంది. చికెన్‌తో బీరు తాగే చిమేక్ అలవాటు 2013–14లో ప్రసారమైన 'మై లవ్ ఫ్రమ్ ద స్టార్' ధారావాహిక ద్వారా చైనాలో వెర్రిగా వ్యాపించింది; 2021లో ఆ మాట ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువుకు ఎక్కింది.

ఈ ఆదరణ వెంట పెద్ద పెట్టుబడి వచ్చింది. 2018లో బోన్‌చోన్‌లో అధిక వాటాను వీఐజీ పార్ట్‌నర్స్ అనే కొరియా పెట్టుబడి నిధి కొన్నది. ఆ తరువాత సంస్థ అమెరికా కార్యాలయం డల్లాస్ ప్రాంతానికి మారింది. 2019లో బోన్‌చోన్ థాయ్‌లాండ్ శాఖలను మైనర్ అనే అక్కడి సంస్థ సొంతం చేసుకోగా, 2020 నవంబరులో క్యోచోన్ కొరియా షేర్ మార్కెట్‌లో నమోదైంది. అయితే కొరియాలో ప్రధాన సంస్థలకు రాబడి ముఖ్యంగా దుకాణదారులకు అమ్మే కోడి, నూనె, సాస్‌ల మీది లాభం నుంచే వస్తుంది కనుక, సరుకు ధర ఎవరు నిర్ణయించాలన్న తగవు సంస్థలకూ దుకాణదారులకూ మధ్య నేటికీ తెగలేదు.