సున్నా వడ్డీ పుట్టుక

వడ్డీని మనవాళ్ళు నూటికి నెలకు ఇంత అని లెక్కపెడతారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. పావలా వడ్డీ అంటే 3 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల రుణాల పుణ్యమా అని ఈ పావలా మాట ఊరూరా పాకింది. 2012లో ఆ సంఘాలకే వడ్డీ లేని రుణాల పథకం వచ్చింది. అప్పుడు కూడా బ్యాంకులు వడ్డీ వదులుకోలేదు. ఆడవాళ్ళ తరఫున ప్రభుత్వం కడతానంది, అంతే. దసరాకు ఫ్రిజ్‌ల షోరూమ్ ముందు వేలాడే ‘సున్నా వడ్డీ’ బోర్డుకు కూడా మూలసూత్రం ఇదే. అక్కడ కూడా వడ్డీ ఉంటుంది, కట్టేవాళ్ళు మారతారు. ఆ మార్పులు ఎప్పుడెప్పుడు ఎలా జరిగాయో చూస్తే, కార్డు గీకే ముందు ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

ఇంటి సామాను వాయిదాల మీద అమ్మడాన్ని పెద్ద వ్యాపారంగా మార్చింది కుట్టుమిషన్. 1850లలో అమెరికాలో సింగర్ మిషన్ ధర 125 డాలర్లు. సగటు కుటుంబానికి ఏడాది సంపాదనే సుమారు 500 డాలర్లు ఉన్న రోజులవి. మూడు నెలల రాబడి పోసి మిషన్ కొనేదెవరు? ఐజాక్ సింగర్‌కు భాగస్వామిగా ఉన్న లాయరు ఎడ్వర్డ్ క్లార్క్ 1856లో ఉపాయం కనిపెట్టాడు. ముందు 5 డాలర్లిచ్చి మిషన్ ఇంటికి తీసుకెళ్ళండి, మిగతాది నెలనెలా కట్టండి అన్నాడు. కాగితం మీద అది అద్దె. చివరి వాయిదా కట్టేదాకా మిషన్ కంపెనీదే, మధ్యలో ఎగ్గొడితే వెనక్కి తీసుకుపోతారు. లాయరు బుర్ర కదా! అంతకుముందు ఏడాది 883 మిషన్లు అమ్మిన సింగర్, 1856లో 2,564 అమ్మింది. పేటెంట్ల తగాదాలు అదే ఏడాది సర్దుకోవడమూ కలిసొచ్చింది కాబట్టి ఘనత మొత్తం వాయిదాలకే ఇవ్వలేం. కానీ ‘నెలకు ఇంతే కదా’ అన్న ఊరింపు మాత్రం అక్కడ స్థిరపడింది. ధర ఎంత అని అడగాల్సినవాళ్ళు వాయిదా ఎంత అని అడగడం మొదలుపెట్టారు.

మనదేశంలో ఈ పద్ధతి హైర్ పర్చేజ్ పేరుతో లారీలకూ స్కూటర్లకూ రేడియోలకూ పాకింది. దీనికోసం పార్లమెంటు 1972లో ప్రత్యేకంగా చట్టమే చేసింది. విచిత్రమేమిటంటే ఆ చట్టం ఒక్కరోజు కూడా అమల్లోకి రాలేదు. చివరికి 2005లో రద్దు చేశారు. ముప్పై మూడేళ్ళు చట్టం నిద్రపోయింది, వాయిదాల వ్యాపారం మాత్రం పోలేదు.

కార్డు కథ వేరే దారిలో నడిచింది. న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా 1950లో హోటల్ బిల్లులకు వాడుకునే డైనర్స్ క్లబ్ కార్డు తెచ్చాడు. పర్సు మరిచిపోయి హోటల్లో బిల్లు కట్టలేక అవమానపడ్డాకే ఆయనకు ఆ ఆలోచన తట్టిందన్న కథ బాగా ప్రచారంలో ఉంది. అది ప్రచారం కోసం అల్లిన కథేనని తర్వాత బయటపడింది. దానికంటే ముఖ్యం ఆ కార్డు లెక్క. తిన్నవాడు నెలాఖరుకు బిల్లు మొత్తం కట్టాలి, వడ్డీ లేదు. మరి క్లబ్బుకు ఏం మిగులుతుంది? హోటల్ యజమాని తన బిల్లులో 7 శాతం వదులుకునేవాడు. కార్డు ఉన్న మనిషి ఎక్కువ తింటాడనీ, మళ్ళీ వస్తాడనీ ఆయన ఆశ. అప్పు ఒకరిది, దాని ఖర్చు ఇంకొకరిది. ఈనాటి సున్నా వడ్డీకి అసలు తాత ఈ 7 శాతమే.

1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఇంకో అడుగు వేసింది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్నంలో, అడగనివాళ్ళకు కూడా, 60,000 కార్డులు పోస్టులో పంపింది. గడువులోగా మొత్తం కడితే వడ్డీ లేదు. కొంత కట్టి మిగతాది ముందుకు జరుపుకుంటే నెలకు ఒకటిన్నర శాతం, మన లెక్కలో రూపాయిన్నర వడ్డీ. ఎగవేతలు 4 శాతం దాటవని వేసుకున్న అంచనా తలకిందులై 22 శాతానికి చేరాయి. బ్యాంకు చేతులు కాల్చుకుంది కానీ పద్ధతి మానలేదు. ఆ కార్డే 1976లో వీసా అయింది. ఇక్కడి నుంచి కార్డు ఖర్చును దుకాణాలతో పాటు ఇంకొకరు కూడా మోస్తున్నారు. బిల్లు పూర్తిగా కట్టలేనివాడు.

డైనర్స్ క్లబ్‌ను 1961లో కాళీ మోదీ మనదేశానికి తెచ్చారు. బ్యాంకు కార్డుల సంగతికొస్తే తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గ మాట ఒకటుంది. 1980లో సెంట్రల్ బ్యాంక్ కార్డు తెస్తే, మరుసటి ఏడాదే, 1981లో, ఆంధ్రా బ్యాంక్ తన కార్డు తెచ్చింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన బ్యాంకు, విదేశీ బ్యాంకులు ఇక్కడ కార్డుల జోరు పెంచకముందే ఈ రంగంలో దిగింది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

తర్వాత టీవీలు, వాషింగ్ మిషన్లు మధ్యతరగతి ఇళ్ళలోకి వరదలా వచ్చాయి. వాటి వెంటే ‘జీరో పర్సెంట్’ బోర్డులు వచ్చాయి. వడ్డీ సున్నా అనేవారు, ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ముందే తీసుకునేవారు. లేదా నగదు కొనుగోలుదారుకు ఇచ్చే తగ్గింపు వాయిదావాడికి ఇచ్చేవారు కాదు. ఈ కనికట్టు మీద రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబరు 17న కొరడా ఝళిపించింది. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదని, కార్డు బకాయిల మీద ఇలాంటి పథకాల్లో వడ్డీని ఫీజు ముసుగులో దాస్తున్నారని, ఇవి అమాయకులను వలలో వేసుకోవడానికే పనికొస్తాయని బ్యాంకులకు తేల్చిచెప్పింది. ఒక నియంత్రణ సంస్థ ఇంత సూటిగా మాట్లాడటం అరుదు.

సున్నా వెనక్కి తగ్గింది, ‘నో కాస్ట్ ఈఎంఐ’ ముందుకొచ్చింది. ఆన్‌లైన్ అంగళ్ళు దాన్ని ఇంటింటికీ చేర్చాయి. ఇందులో బ్యాంకు వడ్డీ వేస్తుంది, దాపరికం లేదు. ఆ వడ్డీకి సరిపడా తగ్గింపును కంపెనీయో దుకాణమో ముందే ఇస్తుంది. డైనర్స్ క్లబ్ హోటల్ యజమాని మళ్ళీ వచ్చాడన్నమాట.

లెక్క వేద్దాం. ఫ్రిజ్ 36,000 రూపాయలు, ఆరు వాయిదాలు, నెలకు 6,000. బ్యాంకు వడ్డీ 15 శాతం అనుకుందాం. అప్పుడు ముందుగా వచ్చే తగ్గింపు సుమారు 1,524 రూపాయలు, అసలు అప్పు 34,476. ఆరు నెలల్లో ఆ 1,524 వడ్డీగా బ్యాంకుకు చేరుతుంది. ఇంతవరకు సరే. కానీ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. అది 274 రూపాయలు, ఫ్రిజ్ కొన్నవాడి నెత్తినే. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే పన్నుతో 235. ఖర్చు లేని వాయిదాకు ఖర్చు 509 రూపాయలు తేలింది. ఆరు నెలల వెసులుబాటుకు ఇది ఎక్కువేం కాదు, నేనైతే తప్పుపట్టను. అయితే అదే దుకాణం నగదుకు 1,500 తగ్గించి ఇస్తుంటే కథ మారుతుంది. అప్పుడు వడ్డీ కడుతున్నది దుకాణం కాదు, మీరే. పన్నూ ఫీజూ కలిపితే రూపాయిన్నర వడ్డీ దాటుతుంది. అందుకే షోరూమ్‌లో కార్డు బయటికి తీయకముందే నగదు ధర అడగాలి. తీశాక అడిగితే జవాబు మారిపోతుంది.

వాయిదాలు అక్కర్లేకుండా నిజంగా వడ్డీ తప్పించుకునే దారి ఫ్రెస్నో నాటి పాత గడువే. మీ కార్డు బిల్లు ప్రతినెలా 5న తయారై 25లోగా కట్టాలనుకోండి. 6న ఫ్రిజ్ కొంటే డబ్బు కట్టడానికి యాభై రోజుల దాకా వ్యవధి దొరుకుతుంది. 4న కొంటే మూడు వారాలే. బోనస్సో, పంట డబ్బో, చిట్టీ పాట డబ్బో ఆ యాభై రోజుల్లో చేతికొచ్చేవాళ్ళకు ఇంతకంటే చవకైన అప్పు లేదు. పాత బిల్లులో కొంత బకాయి ఉంచుకున్నవాళ్ళకు మాత్రం ఈ గడువు వర్తించదు. కొత్తగా కొన్న ప్రతిదానికీ మొదటిరోజు నుంచే వడ్డీ పడుతుంది. చాలా కార్డుల మీద అది నెలకు 3 శాతం పైనే. మూడు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాడిని ఊళ్ళో ఏమంటారో అందరికీ తెలుసు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు రెండు మాటలు. బ్రిటన్‌లో కొత్త కార్డు తీసుకున్నవాళ్ళకు కొన్ని నెలలపాటు కొనుగోళ్ళపై వడ్డీ వేయని కార్డులు దొరుకుతాయి. గడువు దాటాక మిగిలిన బాకీకి మాత్రమే మామూలు వడ్డీ. పైగా 1974 నాటి అక్కడి చట్టం ప్రకారం 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ధర ఉన్న వస్తువు లోపంతో వచ్చినా, రాకపోయినా కార్డు సంస్థకూ బాధ్యత ఉంటుంది. అమెరికాలో దుకాణాల కార్డులతో జాగ్రత్త. వాటిలో కొన్ని, గడువునాటికి కొద్దిపాటి బాకీ మిగిలినా, కొన్నరోజు నుంచి వడ్డీ తిరగదోడి వసూలు చేస్తాయి.

మనదేశంలో వాయిదాలు పెట్టుకునేవాళ్ళు ఇంకో రెండు గుర్తుంచుకోవాలి. కొన్న మొత్తమంతా కార్డు పరిమితిలోంచి ముందే పోతుంది, కట్టేకొద్దీ తిరిగొస్తుంది. కాబట్టి ఆసుపత్రి అవసరానికని ఉంచుకున్న కార్డును ఫ్రిజ్‌కు వాడకండి. వస్తువు వెనక్కి ఇచ్చినా ప్రాసెసింగ్ ఫీజు తిరిగిరాకపోవచ్చు, ముందే అడిగి తెలుసుకోండి.

2022లో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కొనుగోలును వాయిదాలుగా మార్చేముందు అసలెంత, వడ్డీ ఎంత, ముందస్తు తగ్గింపు ఎంత అన్న మూడు అంకెలూ విడివిడిగా చూపించాలి, బిల్లులో కూడా వేయాలి. కొన్నవాళ్ళ మీద వడ్డీ పడేదాన్ని నో కాస్ట్ అని చూపించకూడదు. ఆ అంకెలు చూపించకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఆ ఫిర్యాదుకు ఫీజు లేదు.