ఓపెన్ క్లాస్ గ్లైడర్: రెక్కల నిడివి, బరువు, వేగం

ఇంజిన్ మీద ఆధారపడకుండా, నేల నుంచి పైకి లేచే వేడిగాలిని (థర్మల్) పట్టుకుని ఎత్తు సంపాదించి, ఆ ఎత్తును దూరంగా మార్చుకునే విమానం గ్లైడర్. గ్లైడర్ పందేల్లో రెక్కల నిడివికి హద్దు లేని తరగతి ఓపెన్ క్లాస్. స్టాండర్డ్ క్లాసులో ఒక కొస నుంచి మరో కొసకు రెక్కలు 15 మీటర్లు దాటకూడదు. ఓపెన్ క్లాసులో ఆ నిబంధన లేదు. పైలట్‌నీ, తూకం కోసం రెక్కల్లో నింపే నీటినీ కలుపుకుని మొత్తం బరువు 850 కిలోలకు మించకపోతే చాలు. డెబ్బయ్యేళ్లకు పైగా డిజైనర్లు రెక్కలను పొడిగిస్తూ వచ్చారు. గత ఇరవయ్యేళ్లలో మాత్రం కొందరు వాటిని కుదించి కూడా ఇదే తరగతిలో పోటీకి నిలిచారు.

రాజమండ్రి నుంచి అంతర్వేదికి

గ్లైడర్ సత్తాను చెప్పే మొదటి అంకె జారుడు నిష్పత్తి. ఒక మీటరు ఎత్తు కోల్పోయేలోగా ఎన్ని మీటర్లు ముందుకు సాగుతుందో అది చెబుతుంది. గోదావరి జిల్లాల పటం మీద చూస్తే ఈ లెక్క తేలిగ్గా బోధపడుతుంది. గాలి కదలని రోజున రాజమండ్రి మీద కిలోమీటరు ఎత్తు నుంచి గ్లైడర్ దక్షిణంగా బయలుదేరిందనుకుందాం. 1921లో జర్మనీలోని హానోవర్‌లో తయారైన వాంపైర్ నిష్పత్తి సుమారు 16. అది ధవళేశ్వరం ఆనకట్ట దాటి కొద్ది దూరంలోనే నేలకు దిగుతుంది. 1957లో ఎగిరిన ఫీనిక్స్ సుమారు 40తో పెనుగొండ దాకా పోతుంది. 1972 నాటి ఎస్‌బీ-10కి 53 ఉంది కనుక పాలకొల్లు అందుతుంది. 2012లో ఎగిరిన కంకార్డియాకు దాదాపు 75. అది వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది తీరాన్ని తాకుతుంది.

చెక్క నుంచి కార్బన్‌కు

రెక్క తన కింద గాలిని నొక్కి, పైన పీడనం తగ్గించి బరువును మోస్తుంది. కింది గాలి కొసల దగ్గర పైకి చుట్టుకుని సుడులు తిరుగుతుంది. ఆ సుడులకు ఖర్చయ్యే శక్తే ప్రేరిత నిరోధం. అదే బరువుకు, అదే వేగానికి రెక్కల నిడివి రెట్టింపైతే ఈ నిరోధం నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ సూత్రం తొలితరం డిజైనర్లకూ తెలుసు. 1938లోనే డార్మ్‌స్టాట్ విద్యార్థులు డి-30 సిర్రస్‌కు 20 మీటర్ల సన్నని రెక్కలు అమర్చారు. ఆ సన్నదనాన్ని మోయడానికి చెక్క బలం చాలక రెక్క లోపలి దూలాన్ని లోహంతో చేశారు.

ఫైబర్‌గ్లాస్ రాకతో పరిస్థితి మారింది. స్టుట్‌గార్ట్ విద్యార్థి బృందం 1957 నవంబరులో ఎగరేసిన ఫీనిక్స్ ప్రపంచంలో మొదటి ఫైబర్‌గ్లాస్ గ్లైడర్. అచ్చుల్లో పోసిన రెక్క ఉపరితలం చెక్క రెక్క కంటే ఎంతో నున్నగా వచ్చింది. గాలి పొరలు చెదరకుండా రెక్క మీద ఎక్కువ దూరం సాగాయి. 1964లో డార్మ్‌స్టాట్‌లో డి-36 రూపొందింది. దాన్ని తీర్చిదిద్దిన వారిలో వోల్ఫ్ లెమ్కే, గెర్హార్డ్ వైబెల్, క్లౌస్ హోలిగ్‌హౌస్ ఆ తర్వాత మూడు వేర్వేరు కంపెనీల్లో చేరి తరువాతి గ్లైడర్ల తరాన్నే తయారుచేశారు. వైబెల్ గీసిన ఏఎస్‌డబ్ల్యూ-12లో హాన్స్ వెర్నర్ గ్రోసే 1972 ఏప్రిల్ 25న ల్యూబెక్ నుంచి ఫ్రాన్స్‌లోని బియారిట్జ్ దాకా 1,460 కిలోమీటర్లు ఎగిరాడు. హోలిగ్‌హౌస్ గీసిన 22 మీటర్ల నింబస్‌తో జార్జ్ మోఫాట్ 1970లో టెక్సస్‌లోని మార్ఫాలో ప్రపంచ విజేత అయ్యాడు.

బ్రౌన్‌ష్వైగ్ విద్యార్థులు ఎస్‌బీ-10 రెక్కలను 29 మీటర్లకు తీసుకెళ్లారు. అంత పొడుగు రెక్క ఫైబర్‌గ్లాస్‌తో చేస్తే మితిమీరి వంగుతుంది, వేగంలో అదుపు తప్పి అదిరిపోతుంది. అందుకే వారు గ్లైడర్ల నిర్మాణంలోకి కార్బన్ ఫైబర్‌ను తెచ్చారు. ఆ తోవలోనే ఏఎస్‌డబ్ల్యూ-22, నింబస్-4 వచ్చాయి. క్లౌస్ ఓల్‌మన్ 2003 జనవరి 21న అర్జెంటీనాలో 3,009 కిలోమీటర్లు సాగింది రెండు సీట్ల నింబస్-4లోనే. 2000లో ఎగిరిన ఎటా నిడివి 30.9 మీటర్లు, జారుడు నిష్పత్తి సుమారు 70.

పొడుగుకు చెల్లించే మూల్యం

నిడివి మేలంతా నిదానంగా ఎగిరేటప్పుడే ఎక్కువ. వేగం రెట్టింపైతే ప్రేరిత నిరోధం నాలుగో వంతుకు తగ్గుతుంది. అదే సమయంలో రెక్కల, శరీరపు ఉపరితలాన్ని గాలి రాపిడి చేసే నిరోధం నాలుగు రెట్లవుతుంది. పందెంలో గెలుపు సగటు వేగానిది. 1956 ప్రపంచ విజేత పాల్ మెక్‌క్రెడీ సిద్ధాంతం ప్రకారం, తరువాత దొరికే థర్మల్ ఎంత బలంగా ఉంటుందని పైలట్ నమ్మితే అంత వేగంగా ముందుకు దూకాలి. మంచి ఎండ కాసే రోజున గంటకు 180, 200 కిలోమీటర్ల వేగంతో పోయే గ్లైడర్‌కు భారమయ్యేది రెక్కల వైశాల్యమే.

అందుకే రెక్కలను సన్నం చేస్తారు. అక్కడ మరో ఇబ్బంది ఎదురవుతుంది. రెక్క వెడల్పు తగ్గేకొద్దీ గాలి పొర త్వరగా ఉపరితలాన్ని విడిచి బుడగలా లేస్తుంది, నిరోధం పెరుగుతుంది. దాన్ని అదుపు చేయడానికి రెక్క కింద గరుకు పట్టీలు అంటిస్తారు, లేదా సన్నని రంధ్రాల గుండా గాలి ఊదుతారు. పలచని రెక్కలో దూలానికి లోతు తక్కువ కనుక కార్బన్ ఎక్కువ కావాలి. పొడుగు రెక్కకు పక్కకు ఒరగడమూ నిదానమే. చిన్న థర్మల్‌లో దూరేటప్పుడు ఆ ఆలస్యం పైలట్‌కు తెలుస్తుంది.

అసలు పేచీ వేగాన్నిచ్చే బరువుది. చదరపు మీటరు రెక్క ఎన్ని కిలోలు మోస్తుందన్నది రెక్క భారం. అది 42 నుంచి 59కి పెరిగితే, ఒకే ఒరుగుతో తిరిగే వలయం వ్యాసార్థం 40 శాతం పెరుగుతుంది. థర్మల్ మధ్యలో గాలి బలంగా ఉంటుంది, అంచుల్లో బలహీనం. పెద్ద వలయం గ్లైడర్‌ను అంచుల్లోకి నెడుతుంది. తిరగడానికి పెద్ద రెక్క, వేగానికి చిన్న రెక్క, ఈ రెంటినీ ఒకేదానిలో ఇమడ్చాలని స్టుట్‌గార్ట్ విద్యార్థులు 1975లో ఎఫ్‌ఎస్-29 చేశారు. దాని రెక్కలు గాలిలోనే 13.3 మీటర్ల నుంచి 19 మీటర్లకు సాగేవి. యంత్రాంగం బరువు, చిక్కు ఎక్కువై ఆ బాట నిలవలేదు. రెక్క వెనక అంచున వంచగలిగే ఫ్లాపులు, అవసరమైతే పారబోసే నీళ్లే నిలిచాయి.

డెల్టా గాలి, మెట్ట గాలి

ఏ రెక్క మేలన్నది నేల నిర్ణయిస్తుంది. కాలువ నీళ్లతో నిండిన కోనసీమ వరిచేలల్లో ఎండ వేడిమిలో పెద్ద పాలు నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి వస్తే నేల ఇంకా చల్లబడుతుంది. అలాంటి చోట థర్మల్ బలహీనంగా, తక్కువ ఎత్తులో ఆగుతుంది. పొడుగు రెక్క, తేలిక బరువు గ్లైడర్‌కే అది అనువు. వేసవిలో కాలువలు కట్టేసి, పొలాలు ఎండిన రోజుల్లో ఈ లెక్క మారుతుంది. ఎండిన నేల, సముద్రానికి దూరం ఉన్న నమీబియా, దక్షిణాఫ్రికా, టెక్సస్ లోతట్టు ప్రాంతాల్లో బరువైన గ్లైడర్‌కు తిరుగులేదు.  

నేటి ఎంపికలు

ఇప్పుడు రెండు దారులూ పక్కపక్కనే సాగుతున్నాయి. కంకార్డియా నిడివి 28 మీటర్లు, వైశాల్యం పద్నాలుగు చదరపు మీటర్ల లోపు. డిక్ బట్లర్, వైబెల్, లూక్ బూర్మన్స్, యోహానెస్ డిల్లింగర్ నిడివిని వదులుకోకుండా వెడల్పునే కోసేశారు. జర్మనీలో బిండర్ కంపెనీ ఈబీ29కి పందెం రకమైన ఈబీ29ఆర్‌లో అదే పని చేసింది. దక్షిణాఫ్రికాలోని పోచెఫ్‌స్ట్రూమ్‌లో జోంకర్ సోదరులు 21 మీటర్ల జేఎస్1సీతో మరో వైపు నడిచారు. సుమారు 12 చదరపు మీటర్ల రెక్కతో అది చదరపు మీటరుకు 59 కిలోల దాకా మోస్తుంది. క్వింటస్, అంటారెస్ 23 మీటర్ల దగ్గర ఆగాయి.

థర్మల్ దొరక్కపోతే ఆదుకునే చిన్న ఇంజిన్లు కూడా ఆ 850 కిలోల లెక్కలోనే చేరతాయి. జేఎస్1సీలో చిన్న జెట్ అమర్చుకోవచ్చు. అంటారెస్ 23ఈలో బ్యాటరీతో నడిచే మోటారు ఉంది. బ్యాటరీ బరువెక్కిన మేరకు నీళ్లకు చోటు తగ్గుతుంది. ఆకాశంలో బలం తగ్గినప్పుడు నీళ్లు పారబోయవచ్చు, బ్యాటరీని పారబోయలేరు. అందువల్ల మోటారు ఎంపిక కూడా రెక్క గీసేటప్పుడే చేయాల్సిన నిర్ణయంగా మారింది.