పాత తుపాకి పట్టీ చెప్పే సాక్ష్యము

మ్యూజియములో పాత తుపాకిని చూచినప్పుడు మన కన్ను గొట్టము మీదనో, మీట మీదనో పడుతుంది. దానిని భుజానికి తగిలించుకొనే పట్టీని ఎవరూ పట్టించుకోరు. కాని ఆ తుపాకి ఏ కాలములో ఎట్లా వాడబడినదో తేల్చడములో ఆ పట్టీ, దాని కొక్కెములు మంచి సాక్షులు. అయితే ఒక్కొక్కప్పుడు అబద్ధమూ చెబుతాయి.

అమెరికాలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1897 నమూనా వించెస్టర్ షాట్‌గన్‌ను తీసికొందాము. షాట్‌గన్ అనగా ఒక్క గుండుకు బదులు అనేక సీసపు రవ్వలను ఒకేసారి విడిచే తుపాకి. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధములో దిగినప్పుడు, కందకములలో దగ్గరి పోరాటమునకై దీని గొట్టమును 20 అంగుళములకు కురచ చేసినారు. చేయి కాలకుండా గొట్టముపై చిల్లుల రేకు కప్పినారు. ముందర బాయొనెట్టు బిగింపు అమర్చినారు. పట్టీ తగిలించే ముందరి కడియము ఈ బిగింపుకే ఉంటుంది. వెనుకది చెక్కమడమ అడుగున ఉంటుంది. ఈ తుపాకులు వాడరాదని 1918 సెప్టెంబరులో జర్మనీ అధికారికముగా అభ్యంతరము తెలుపగా, అమెరికా త్రోసిపుచ్చినది.

అప్పటి పట్టీలలో ముఖ్యమైనది 1907 నమూనా తోలు పట్టీ. వెడల్పు అంగుళమున్నర కంటె పావు అంగుళము తక్కువ. పొడుగుది ఒకటి, పొట్టిది ఒకటి, రెండు తోలు ముక్కలు. ఒక్కొక్క దాని చివర జంట గోళ్ళ కొక్కెము. మొదటి యుద్ధము నాటి కొక్కెములు ఇత్తడివి. రెండవ యుద్ధములో తూటాల గుల్లలకు ఇత్తడి, అంటే రాగి, తుత్తునాగము, విపరీతముగా కావలసి వచ్చినది. అమెరికా 1943లో సెంటు నాణెములను సైతము రాగి మాని ఉక్కుతో ముద్రించినది. తోలు పట్టీకి కూడ అదే గతి: 1942 తరువాతివాటిలో ఉక్కు కొక్కెములే ఎక్కువ.

కాబట్టి పరీక్షకు అయస్కాంతము చాలును. ఇత్తడిని అది ఆకర్షించదు. పైన ఇత్తడి పూత, లోపల ఉక్కు ఉన్న నకలు వెంటనే బయటపడుతుంది. పాత ఇత్తడి తోలును తాకే చోట పచ్చని జిగురు వంటి చిలుము పేరుకొని ఉంటుంది. తోలుకు పట్టించిన కొవ్వులోని ఆమ్లములు రాగితో కలిసినందువల్ల ఏర్పడినది అది. మన ఇండ్లలో ఇత్తడి చెంబును చింతపండుతో తోమినట్లు దీనినీ తోమి మెరిపించేవారున్నారు! అట్లా చేసిన రోజున సాక్ష్యము కడిగిపోయినట్లే. కుట్టు దారము మీద అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసినప్పుడు నీలితెలుపుగా మెరిస్తే అనుమానించవలెను. అట్లు మెరిసే తెల్లదనపు రసాయనములు వస్త్రములలో విరివిగా వాడుకకు వచ్చినది 1940ల తరువాతనే.

ఇక అసలు చిక్కు. పట్టీ ఊడివచ్చే వస్తువు. అది తన కాలమును చెబుతుందే గాని తుపాకి కాలమును చెప్పదు. చిల్లుల రేకును చూడండి: మొదటి యుద్ధము నాటిదానిలో ఆరు వరుసల చిల్లులు, 1942 నుండి వచ్చినదానిలో నాలుగు. ఆరు వరుసల తుపాకికి నూలు నేత పట్టీ ఉన్నదనుకొనండి. వర్షారణ్యములలో తోలు బూజుపట్టి చెడిపోవుట వంటి ఇబ్బందుల వల్ల రెండవ యుద్ధము చివరి సంవత్సరములలో తోలు స్థానమును ఆక్రమించిన పట్టీ ఇది. "ఇది తప్పు జోడు" అని నూలుది తీసివేసి, ఎక్కడినుండో ఇత్తడి కొక్కెముల తోలుపట్టీ కొని తగిలించుట సేకర్తలకు సహజము. కాని 1918 నాటి తుపాకులనే అనేకము సైన్యము 1940లలో మరల బయటికి తీసినది. ఆ నూలు పట్టీ సైన్యము చేతులతోనే తగిలించినది కావచ్చును. కడియము లోపలి అంచున నూలు రాపిడి గుర్తులున్నవా, తుప్పు ఎంత వెడల్పున ఆగినది, ఇవి చూడక ముందే పట్టీ మార్చినవాడు రెండవ యుద్ధములో ఆ తుపాకి చేసిన సేవకు మిగిలిన ఒకే ఆధారమును పెట్టెలో పడవేసినాడేమో!