మరల రాని మూడవ ముడి

క్రీడారంగమున బంతి వికెట్టును కూల్చు క్షణమును, కల్యాణవేదికపై వరుడు మూడవ ముడి వేయు క్షణమును ఒక్కమారే వచ్చును. ఛాయాగ్రాహకుడు సిద్ధముగా నుండిన సరి. లేకున్న వాటిని మరల పిలుచుటకు వీలులేదు. మైదానములందు చిరకాలము కెమెరా పట్టిన మేము పిదప పెండ్లిపందిళ్లలోనికిని పోయితిమి. అచ్చట నేర్చుకొన్నదానిని ఈ కళయొక్క చరిత్రతో జోడించి శ్రోతలకు మనవి చేసెదము.

1839లో ఫ్రాన్సు దేశమున డాగ్వేర్ పద్ధతి లోకమునకు వెల్లడియైనది. ఆ తొలిదినములలో ఒక చిత్రము పడుటకు నిమిషములు పట్టెడిది. కదలిన మనిషి పలకపై నిలువడు. 1840 ఫిబ్రవరి 10వ తేదీన జరిగిన విక్టోరియా రాణి వివాహమునకు చిత్రకారులు వ్రాసిన పటములే గాని ఛాయాచిత్రము లేదు. రాణియు ఆల్బర్టు ప్రభువును జంటగా నిలిచిన చిత్రమొకటి ప్రసిద్ధమైనది. దానిని వారి పెండ్లిచిత్రమని భ్రమపడువారు నేటికిని కలరు. కాని అది వివాహమైన 14 సంవత్సరములకు, 1854లో, రోజర్ ఫెంటన్ తీసినది. వారు ధరించినవి దర్బారు దుస్తులు.

మైదానము కథ వేరు. పరుగెత్తు గుఱ్ఱముయొక్క నాలుగు కాళ్లును ఒక్కమారే నేలను విడుచునా యను వివాదము ఒకప్పుడుండెడిది. 1878 జూన్ నెలలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో వద్ద ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగుబాట ప్రక్కను 12 కెమెరాలను వరుసగా నిలిపెను. అడ్డముగా కట్టిన దారములు గుఱ్ఱమునకు తగిలినకొలది ఒక్కొక్క కెమెరా చిత్రము తీసెను. కాళ్లన్నియు నేలను విడుచుట నిజమే యని తేలినది. కాని చిత్రకారులు తరతరములుగా వ్రాసినట్లు ముందువెనుకలకు చాపియున్నప్పుడు గాదు, పొట్టక్రిందికి ముడుచుకొన్నప్పుడు. గుఱ్ఱమును నిలువుమనుట సాధ్యము గాదు గనుక కెమెరాయే త్వరపడవలసివచ్చెను.

మన హైదరాబాదున ఆరవ నిజాము కొలువులోని రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఈ రెండు మార్గములను ఎఱిగినవాడు. వేటవిడుదులను, సైనికవిన్యాసములను తీసిన ఆయనయే 1892లో అంతఃపుర స్త్రీల చిత్రములకై ప్రత్యేకముగా ఒక స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఆంగ్లవనితకు అప్పగించెను. 1925లో లైకా కెమెరా విపణికి వచ్చిన పిమ్మట, ఒక చుట్టకు 36 చిత్రములు తీయగల పనిముట్టు అరచేతిలో ఇమిడినది. ముక్కాలి స్టాండును విడిచి ఛాయాగ్రాహకుడు ఆట వెంట పరుగెత్తగలిగెను.

మేము ఆ వడినే నమ్ముకొని పెండ్లికి పోయితిమి. మైదానమున సెకనులో 500వ వంతునకు తెర తెఱచి మూయుట మాకు అలవాటు. పందిటిలో అంత వెలుతురు లేదు, ఫ్లాషు వేయవలెను. ఆనాటి మా కెమెరాలో ఫ్లాషునకు తగిన వడి 60వ వంతే. అంతకు మించినచో తెరల నడిమి సందు మేరకే వెలుగు సోకి, బొమ్మలో ఒక పట్టీ మాత్రమే మిగులును. ఇంతవరకు ఎఱిగియే యుంటిమి. ఎఱుగనిది ఒక్కటి: మైదానమున మాకును ఆటగానికిని నడుమ ఎవరును రారు. ముహూర్తవేళ గట్టిమేళము మ్రోగగానే బంధువులందఱు ఒక్కపెట్టున లేచి అక్షతలు చల్లిరి. మేము మీట నొక్కితిమి. చిత్రమున పడినది పెండ్లికుమార్తె మేనమామ చేయి! ఫ్లాషు మరల సిద్ధమగుటకు కొన్ని సెకనులు పట్టును. అంతలో మూడవ ముడియు పడినది.

పురోహితుడు తరువాతి తంతులోనికి పోయెను. మేము సిగ్గు విడిచి, మంగళసూత్రమును మరల ఒకమారు పట్టుకొనుమని వరుని వేడితిమి. ఆయన నవ్వి పట్టుకొనెను. అందఱును మావైపు చూచిరి. చిత్రము లోపము లేకుండ వచ్చినది.

ఫిలిము కడిగిన పిదప రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. రెండవదానిలో ప్రతివారును కెమెరాను చూచుచున్నారు. మొదటిదానిలో చేయి అడ్డమై వరుని ముఖమే కనబడదు. కాని ఆ చేతి క్రింది సందున వధువు తల్లి కన్నులు కలవు. అవి ముడినే చూచుచున్నవి, మమ్ము ఎఱుగవు. మేము దానిని చెడిపోయినదిగా నెంచి, ఆల్బములో చేర్చక, మిగిలినవాటితో ఒక కవరులో పెట్టి ఇచ్చితిమి. రెండవదానిని వారు పటము కట్టించి గోడకు తగిలించిరి. కొన్నాళ్లకు ఆ తల్లి మా యింటికి వచ్చి, “నాయనా, ఆ చెయ్యి అడ్డమొచ్చిన ఫోటో ఇంకొకటి వేయించి పెట్టండి. నా దగ్గిర ఉంచుకుంటాను,” అనెను.

ఫెంటన్ చిత్రమునందు తప్పేమియు లేదు. దానిని పెండ్లి యని పిలుచుటలోనే తప్పున్నది. మా రెండవ చిత్రమునకును అదియే న్యాయము. ఔటైన ఆటగానిని మా కొఱకు మరల ఔటు కమ్మని మైదానమున మేమెన్నడును అడిగియుండలేదు. పందిటిలో మాత్రము అడుగ సాహసించితిమి. అటుపిమ్మట ఏ వరునిచేతను తాళి మరల పట్టించలేదు. ముందుగనే పురోహితుని కలిసి, ఏ తంతు ఎటు ముఖముగా జరుగునో తెలిసికొని, మేనమామలను గుర్తుపట్టి, ఎత్తైన పీట వేసికొని నిలుచుచుంటిమి. అప్పటికిని తప్పిపోయినది తప్పిపోయినదే యని పెద్దలతో చెప్పి క్షమాపణ కోరుచుంటిమి.

శ్రోతల యిండ్లలోను అట్టి చిత్రములు పెట్టెల అడుగున ఉండకపోవు. కదలినవని, ఎవరో అడ్డము వచ్చిరని వాటిని పారవేయకుడు. ఆ అడ్డము వచ్చిన చేయి ఎవరిదో ఎఱిగిన పెద్దలు ఇంట నున్నప్పుడే అడిగి, చిత్రము వెనుక వారి పేరు వ్రాసి యుంచుడు.